అనుమతి లేకుండా పాపను తీసుకుని వేరే ఊరికి వెళ్లిపోయారు: నేను భరణం ఆపవచ్చా?

రెండో_ఆదివారం
పరస్పర అంగీకారంతో మా విడాకులు జరిగి రెండేళ్లు దాటింది. డిక్రీ ప్రకారం ఏడేళ్ల మా పాప తల్లి దగ్గర ఉంటుంది. నెలలో రెండో, నాలుగో ఆదివారాలు ఉదయం పది నుంచి సాయంత్రం అయిదు వరకు, వేసవి సెలవుల్లో సగం రోజులు నా దగ్గర ఉంటుంది. పాప ఖర్చులకు నెలకు 12,000 రూపాయలు నేను పంపాలి. ఒక్క నెల కూడా తప్పలేదు.

మొన్న రెండో ఆదివారం వెళ్లేసరికి ఇంటికి తాళం వేసి ఉంది. పది రోజుల క్రితం లారీలో సామాను ఎక్కించుకుని వెళ్లారని పక్కింటివారు చెప్పారు. నేను కొనిపెట్టిన పక్కచక్రాల సైకిలు మాత్రం మెట్ల కింద అలాగే ఉంది, బహుశా లారీలో చోటు చాలక వదిలేసి ఉంటారు. మరునాడు బడికి వెళితే టీసీ తీసుకెళ్లిన సంతకం రిజిస్టరులో చూపించారు. ఏ ఊరికి వెళ్లారో తమకు తెలియదన్నారు. ఫోను మోగుతుంది కానీ ఎత్తరు.

ఊరు మారకూడదని డిక్రీలో ఎక్కడా రాసి లేదు, మారవచ్చని కూడా లేదు. ఈ నెల డబ్బు పంపే తేదీ దగ్గర పడింది. పాపను చూపించనప్పుడు డబ్బు ఆపే హక్కు నాకు ఉందా? అపహరణ కేసు పెట్టవచ్చా? కస్టడీ నాకే ఇవ్వమని అడగవచ్చా?

గట్టిమాట
ఆపేయండి. రెండు నెలలు ఆగితే ఆవిడే ఫోను చేస్తుంది. పైగా చట్టం ప్రకారం తండ్రే సహజ సంరక్షకుడు. ఎక్కడున్నారో కనుక్కుని వెళ్లి పాపను తెచ్చుకోండి, ఆ తరువాత కోర్టుకు ఆవిడ తిరుగుతుంది.

పాత_బెంచిగుమస్తా
పై సలహాలో రెండు తప్పులున్నాయి, రెండూ ప్రమాదకరమైనవే. నేను కుటుంబ న్యాయస్థానంలో గుమస్తాగా పనిచేసి విరమణ పొందినవాడిని. న్యాయవాదిని కాను, కాబట్టి నేను చెప్పేది మీ వకీలుతో సరిచూసుకోండి.

మొదటిది, 1956 నాటి హిందూ మైనారిటీ, సంరక్షకత్వ చట్టం 6వ సెక్షనులో తండ్రి, ఆయన తరువాత తల్లి అని ఉన్న మాట నిజమే. అయితే ఆ ‘తరువాత’ అనే మాటకు తండ్రి మరణానంతరం అని అర్థం చెప్పుకోనక్కరలేదని సుప్రీంకోర్టు 1999లోనే తేల్చింది. అదే చట్టం 13వ సెక్షను ప్రకారం అన్నిటికన్నా పైన నిలిచేది బిడ్డ సంక్షేమం. ఇక్కడ తల్లికే కస్టడీ ఇస్తూ డిక్రీ ఉంది. మీరు వెళ్లి పాపను తెచ్చేసుకుంటే కోర్టు ఆజ్ఞను నేరుగా ఉల్లంఘించినవారు మీరే అవుతారు. ఆవిడ చేసిన తప్పు మీ తప్పు కింద మరుగున పడిపోతుంది.

రెండోది, భరణం బిడ్డది, తల్లికి ఇచ్చే జీతం కాదు. చూపించకపోవడం ఒక ఖాతా, డబ్బు ఇంకొక ఖాతా. ఒకదానిలో బాకీ ఉందని రెండోదానిలో కోత పెట్టడాన్ని కోర్టు ఒప్పుకోదు. ఈ నెల డబ్బు ఒకరోజు ముందే పంపండి, బ్యాంకు వివరణలో ఏ నెల భరణమో రాయండి. ఖాతా మూసేసి డబ్బు తిరిగి వస్తే, ఆ కాగితం పెట్టి కోర్టులో జమ చేయడానికి అనుమతి అడగండి.

లెక్కతప్పినవాడు
గుమస్తాగారు చెప్పినది నేను అనుభవించి తెలుసుకున్నాను. గట్టిమాట గారిలాంటి స్నేహితులే నాకూ ఉండేవారు. బాబును రెండుసార్లు చూపించలేదని నేను ఏడు నెలలు భరణం ఆపాను. ఆవిడ ఎంసీలో, అంటే భరణం కేసులో, బకాయి వసూలుకు పిటిషను వేసింది. నా వంతు వచ్చినప్పుడు, బాబును చూపించడం లేదు కాబట్టే ఆపానని ఎంతో ధీమాగా చెప్పాను. న్యాయమూర్తి కాగితాల మీది నుంచి తల ఎత్తి, “ఈ ఏడు నెలలూ మీ అబ్బాయి ఆకలి ఆపుకున్నాడా?” అని అడిగారు. హాలంతా నిశ్శబ్దమైపోయింది. ఏడు నెలల సొమ్మూ ఒకేసారి కట్టడానికి ఆఫీసులో అప్పు తీసుకున్నాను. నేను వేసిన విజిటేషను పిటిషను మాత్రం ఆ గొడవలో నాలుగు వాయిదాలు వెనక్కి పోయింది.

గట్టిమాట
అంటే ఆవిడ ఏం చేసినా చెల్లుతుంది, తండ్రి మాత్రం నెలనెలా కడుతూ కూర్చోవాలన్నమాట. ఇదేం న్యాయం?

పాత_బెంచిగుమస్తా
కూర్చోమని ఎవరూ అనలేదు. కడుతూ పిటిషను వేయమన్నాను. కడుతున్నవాడి పిటిషనుకు ఉండే బలం ఎగ్గొట్టినవాడి పిటిషనుకు ఉండదు. బకాయి పడితే ఏమవుతుందో కూడా వినండి. పాత సీఆర్‌పీసీ (నేర విచారణ స్మృతి) 125వ సెక్షను కింద వచ్చే భరణం ఇప్పుడు భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 144వ సెక్షనులోకి మారింది, 2024 జులై 1 నుంచి అదే అమలులో ఉంది. దాని ప్రకారం బకాయికి వారంటు జారీ చేయవచ్చు, అప్పటికీ చెల్లించకపోతే ఒక్కో నెల బకాయికి ఒక నెల దాకా జైలు వేయవచ్చు. అయితే బకాయి పడిన రోజు నుంచి ఏడాది లోపల వసూలుకు దరఖాస్తు చేసుకోవాలి. ఈయనది విడాకుల డిక్రీలోని భరణం కాబట్టి దారి వేరు, ఈపీ (డిక్రీని అమలు చేయించే పిటిషను) వేసి జీతం జప్తు చేయించవచ్చు. దారి ఏదైనా తిరిగి తిరిగి ఆఫీసుకే వస్తుంది, పరువు కూడా అక్కడే పోతుంది.

నీలిగొడుగు
ఈ చర్చలో అందరూ వెళ్లిపోయిన మనిషి గురించి మాట్లాడుతున్నారు, వెళ్లిపోయినవాళ్లు ఎవరూ మాట్లాడలేదు కాబట్టి నేను చెబుతాను. నేనూ అలాగే వెళ్లాను.

నాకు ఉద్యోగంలో బదిలీ వచ్చింది. చేరడానికి మూడు వారాల గడువు ఇచ్చారు. మా బాబు తండ్రి అప్పటికి తొమ్మిది నెలలుగా పైసా పంపలేదు. ఏడాదిలో చూడటానికి వచ్చినది మూడుసార్లు, అందులో ఒకసారి అరగంట ఉండి వెళ్లారు. బదిలీ సంగతి ఆయనకు వాట్సాప్‌లో పంపాను, చూశారు, జవాబు ఇవ్వలేదు. కోర్టుకు వెళ్లి అనుమతి అడిగేంత వ్యవధి లేదని నాకు నేనే చెప్పుకున్నాను. నిజానికి, అడిగితే వద్దంటారేమోనన్న భయమే ఎక్కువ.

నేను వెళ్లిన నెలన్నరకు ఆయన పిటిషను వేశారు. కోర్టు నన్ను తప్పు పట్టింది. బదిలీ ఉత్తర్వు చేతికి వచ్చిన రోజునే ఒక మెమో వేసి ఉంటే సరిపోయేదని, అడగకుండా వెళ్లడం వల్ల దురుద్దేశం ఉన్నట్టు కనిపించిందని చెప్పింది. కానీ బాబును నా దగ్గర నుంచి తీయలేదు, వెనక్కి రమ్మని కూడా అనలేదు. నెలకు రెండు ఆదివారాల బదులు నెలకు ఒక శని, ఆదివారం, దసరా సెలవులు మొత్తం, వేసవిలో మొదటి సగం ఆయనకు ఇచ్చింది. నేను మారడం వల్ల పెరిగిన రైలు ఖర్చులో సగం నా మీద వేసింది. ఆయన పాత బకాయి అంతా రెండు నెలల్లో కట్టాలని అదే ఉత్తర్వులో రాసింది.

రెండో ఆదివారం గారూ, మీరు నెల తప్పని మనిషి అని నమ్ముతున్నాను. అయినా ఆవిడ ఎందుకు వెళ్లిందో ముందు కనుక్కోండి. ఉద్యోగమా, తల్లిదండ్రుల అనారోగ్యమా, మరేదైనా భయమా అన్నదాన్ని బట్టే కోర్టు ఏం చేస్తుందో ఉంటుంది.

రెండో_ఆదివారం
నీలిగొడుగు గారూ, మీరు రాసింది చదివి మొదట కోపం వచ్చింది, రెండోసారి చదివాక తగ్గింది. ఉద్యోగం సంగతి నాకు తెలియదు. మా మధ్య ఈ ఏడాదిగా పాప బడి ఫీజు గురించి తప్ప వేరే మాట లేదు. ఆవిడ వాట్సాప్ పంపి ఉంటే నేను ఇలా రాసేవాడిని కాను.

గుమస్తాగారూ, నెల భరణం ఇవాళే పంపాను, డబ్బు వెనక్కి రాలేదు. అంటే ఖాతా నడుస్తోంది.

చట్టం_తెలుసు
1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం 26వ సెక్షను చూడండి. కోర్టు అనుమతి లేకుండా మైనరును ఆ కోర్టు పరిధి దాటించకూడదు. 44వ సెక్షను కింద వెయ్యి రూపాయల దాకా జరిమానా లేదా ఆరు నెలల దాకా సివిల్ జైలు. ఆవిడను లోపల వేయించవచ్చు.

పాత_బెంచిగుమస్తా
సెక్షను సరిగ్గానే చెప్పారు, అది ఎవరికి వర్తిస్తుందో వదిలేశారు. ఆ రెండు సెక్షన్లూ కోర్టు నియమించిన లేదా ప్రకటించిన సంరక్షకులకు మాత్రమే. తల్లి సహజ సంరక్షకురాలు, విడాకుల ఒప్పందంలో కస్టడీ పొందింది, కోర్టు ఆమెను ఆ చట్టం కింద సంరక్షకురాలిగా నియమించలేదు. ఆ సెక్షను పట్టుకుని వెళితే ఆవిడ వకీలు మొదటి వాయిదాలోనే కొట్టిపారేస్తాడు. పైగా వెయ్యి రూపాయలు అన్నది 1890 నాటి వెయ్యి, ఈ రోజుల్లో ఒక వాయిదాకు ఆటో ఖర్చులకు కూడా చాలదు.

అపహరణ కేసు సంగతీ ఇంతే. కస్టడీ ఉన్న తల్లి బిడ్డను వెంట తీసుకెళితే పోలీసులు సాధారణంగా కేసు కట్టరు, కోర్టుకు వెళ్లమని పంపేస్తారు. అయితే ఫిర్యాదు రాసి ఇచ్చి రసీదు తీసుకోండి. ఏ తేదీన మీకు తెలిసింది, మీరు ఎంత త్వరగా కదిలారు అన్నదానికి అది సాక్ష్యం.

మీరు పట్టుకోవలసింది 1955 నాటి హిందూ వివాహ చట్టం 26వ సెక్షను. అంకె ఒకటే కాబట్టి పొరబడతారు, ఇది వేరే చట్టం. డిక్రీ అయిన తరువాత కూడా పిల్లల కస్టడీ, పోషణ, చదువు గురించిన ఏర్పాట్లను ఎప్పటికప్పుడు మార్చే అధికారం ఇది కోర్టుకు ఇస్తుంది. డిక్రీ ఇచ్చిన కోర్టులోనే పిటిషను వేయండి. దానితోపాటు ఒక ఐఏ (మధ్యంతర దరఖాస్తు) వేసి మూడు సంగతులు అడగండి. పాప ఉన్న చిరునామా, చేరిన బడి పేరు చెప్పాలి, తుది ఉత్తర్వు వచ్చేదాకా వీడియో కాల్‌లో పాపను చూపించాలి, మళ్లీ ఊరు మారితే ముందుగా కోర్టుకు తెలియజేయాలి. కస్టడీ మొత్తం నాకే ఇవ్వమన్న కోరికను మొదటి పేజీలో పెట్టకండి, ప్రత్యామ్నాయంగా చివర పెట్టండి. బిడ్డ కోసం వచ్చాడా, పంతం కోసం వచ్చాడా అన్నది న్యాయమూర్తులు మొదటి పేజీలోనే పసిగడతారు.

రెండో_ఆదివారం
వీడియో కాల్ అడిగితే ఇస్తారా? డిక్రీలో దాని ప్రస్తావనే లేదు.

పాత_బెంచిగుమస్తా
2020 జనవరిలో సుప్రీంకోర్టు ఒక కేసులో దీని గురించి విడమరచి చెప్పింది. కస్టడీ లేని తల్లికో తండ్రికో బిడ్డను కలిసే హక్కు ఒక్కటే ఉంటే చాలదు, దూరంగా ఉన్నప్పుడు మాట్లాడే హక్కు కూడా ఉండాలని, ప్రత్యేక కారణాలు లేకపోతే రోజూ అయిదు నుంచి పది నిమిషాలు మాట్లాడనివ్వాలని అందులో ఉంది. మీ వకీలును ఆ తీర్పు జతచేయమనండి.

ఆలస్యం మాత్రం చేయకండి. పాప కొత్త బడిలో ఒక విద్యా సంవత్సరం పూర్తిచేసిందంటే, అక్కడి నుంచి కదిలించడం ఆమెకే నష్టమని అవతలివారు వాదిస్తారు, ఆ వాదన చాలాసార్లు నెగ్గుతుంది. సంరక్షకత్వ పిటిషను వేయాలన్నా 1890 చట్టం 9వ సెక్షను ప్రకారం బిడ్డ మామూలుగా నివసించే చోటి కోర్టులోనే వేయాలి. హడావిడిగా మార్చిన పది రోజులకే కొత్త ఊరు మామూలు నివాసమైపోదు కానీ, రెండేళ్లు ఊరుకుంటే తప్పకుండా అవుతుంది.

సుధ_టీచర్
బడి వైపు నుంచి ఒక మాట. టీసీ తీసుకోవడానికి తండ్రి సంతకం ఎందుకు అడగలేదని చాలామంది మా మీద కోప్పడతారు. కస్టడీ ఉన్న తల్లి అడిగితే ఇవ్వక తప్పదు. ప్రభుత్వ, ఎయిడెడ్ బడుల్లో ఎనిమిదో తరగతి వరకు టీసీ ఆలస్యమైందన్న కారణంతో చేర్చుకోకుండా ఉండకూడదని 2009 నాటి విద్యాహక్కు చట్టమే చెబుతోంది. కాబట్టి బడి దగ్గర కూర్చుని ఊరు మార్పును ఆపలేరు. డిక్రీ నకలు ఒకటి ముందే బడిలో ఇచ్చి, పాపకు సంబంధించిన సమాచారం మీకు కూడా పంపమని రాసి ఇచ్చి ఉంటే, కనీసం ఎవరో ఒకరు ఫోను చేసి చెప్పేవారు. మా బడిలో అలాంటి ఉత్తరాలు హాజరు పట్టీ లోపలే అంటించి పెడతాం.

మంచుదేశం
మా కెనడాలో దీనికి లెక్క రాసిపెట్టి ఉంది. 2021 మార్చి 1న అమలులోకి వచ్చిన విడాకుల చట్ట సవరణ ప్రకారం, బిడ్డతో అవతలివారికి ఉన్న సంబంధం మీద గట్టి ప్రభావం పడేంత దూరం మారేవారు 60 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. ఎక్కడికి, ఎప్పుడు, ఇకపై బిడ్డను కలిసే ఏర్పాటు ఎలా అన్నవన్నీ అందులో ఉండాలి. అభ్యంతరం ఉన్నవారు 30 రోజుల్లో చెప్పాలి. కుటుంబ హింస ప్రమాదం ఉంటే నోటీసు నుంచి కోర్టు మినహాయింపు ఇస్తుంది. మన దేశంలో ఇలాంటిది ఎందుకు పెట్టరో అర్థం కాదు.

పాత_బెంచిగుమస్తా
లా కమిషన్ 2015లో ఇచ్చిన 257వ నివేదిక ఉమ్మడి కస్టడీని చట్టంలో చేర్చమని సిఫారసు చేసింది. అది ఇంకా చట్టం కాలేదు. అందాకా డిక్రీలోనే షరతు రాయించుకోవడం తప్ప దారి లేదు. పరస్పర అంగీకార విడాకుల ఒప్పందాలు టైపు చేసేవాళ్లు నగలు, కుర్చీలు, మిక్సీ దాకా రాస్తారు కానీ, బిడ్డతో ఊరు మారేటప్పుడు ఇన్ని రోజుల ముందు రాతపూర్వకంగా చెప్పాలన్న ఒక్క వాక్యం రాయరు.

పేరు_వద్దు
మంచుదేశం గారు చివర అన్న మినహాయింపు కోసమే రాస్తున్నాను. నేను రాత్రి పూట ఇద్దరు పిల్లలతో, ఒక్క సంచితో వెళ్లాను. నోటీసు ఇచ్చి వెళ్లే ఇల్లు కాదు అది. 2005 నాటి గృహహింస చట్టం 27వ సెక్షను ప్రకారం, తాత్కాలికంగా తలదాచుకున్న ఊళ్లోనే నేను కేసు వేయగలిగాను. 21వ సెక్షను కింద పిల్లల తాత్కాలిక కస్టడీ అక్కడి మేజిస్ట్రేటే ఇచ్చారు. చెప్పకుండా వెళ్లిన ప్రతి తల్లినీ ఒకే గాటన కట్టకండి.

గట్టిమాట
మీ సంగతి వేరు అమ్మా. నేను అన్నది మీలాంటివారి గురించి కాదు.

పేరు_వద్దు
వేరని మీకు ఇప్పుడు తెలిసింది. నేను వెళ్లిన వారంలో మా బంధువులందరూ మీరు పైన రాసిన మాటలే అన్నారు.

గోడగడియారం
ఒకవేళ దేశమే దాటించేస్తే ఏమిటి పరిస్థితి? మా తమ్ముడికి ఆ భయం ఉంది.

మంచుదేశం
1980 నాటి హేగ్ ఒప్పందంలో చేరిన దేశాల మధ్య అయితే, పదహారేళ్ల లోపు బిడ్డను అక్రమంగా తరలించిన ఏడాది లోపల దరఖాస్తు చేస్తే, కొన్ని మినహాయింపులు తప్ప, ముందు ఉన్న దేశానికి తిప్పి పంపాలి. కస్టడీ తగవు ఆ దేశంలోనే తేలుతుంది. భారతదేశం అందులో చేరలేదు. విదేశీ కోర్టు ఉత్తర్వును ఇక్కడ బిడ్డ సంక్షేమాన్ని తేల్చేటప్పుడు చూసే అనేక విషయాల్లో ఒకటిగానే పరిగణిస్తామని 2017లో సుప్రీంకోర్టు చెప్పింది. కాబట్టి దాటకముందే జాగ్రత్తపడాలి. అనుమతి లేకుండా దేశం దాటించరాదన్న మధ్యంతర ఉత్తర్వు తెచ్చుకుని, పాస్‌పోర్టు కార్యాలయానికి నకలు ఇమ్మనండి.

రాధిక_కాదు
నేను తరలించబడిన బిడ్డను. అప్పుడు నాకు తొమ్మిదేళ్లు. న్యాయమూర్తి తన గదిలోకి పిలిచి ఏ తరగతి అని అడిగారు, తరువాత ఎవరి దగ్గర ఉంటావని అడిగారు. కారులో వస్తూ నేర్చుకున్న జవాబే చెప్పాను. ఆయన పెన్ను మూత పెట్టి, “ఎవరూ చెప్పకపోతే ఏమనేదానివి?” అన్నారు. దానికి నేను జవాబు నేర్చుకుని రాలేదు, ఏడ్చాను.

నాన్న డబ్బు పంపడం లేదని వింటూ పెరిగాను. ఇరవై ఏళ్లకు పాత పాసుబుక్కు కనిపించింది. నాలుగేళ్లు నెలనెలా జమ ఉంది, ఆ తరువాత లేదు. ఆగిపోవడానికి కారణం అమ్మ ఒకటి చెబుతుంది, నాన్న ఇంకొకటి చెబుతారు. నేను రెండూ విని ఊరుకుంటాను.

లెక్కతప్పినవాడు
మీరు రాసింది చదివాక నా ఏడు నెలల ఖాళీ కూడా ఏదో ఒక పాసుబుక్కులో ఉంటుందని ఇప్పుడే తట్టింది.

రెండో_ఆదివారం
ఏడు వారాల తరువాత రాస్తున్నాను. గుమస్తాగారు చెప్పిన విధంగానే పిటిషను, ఐఏ వేశాము. నోటీసు ఆవిడ ఆఫీసు చిరునామాకు అందింది. రెండో వాయిదాకు ఆవిడ వచ్చింది. వాళ్ల అమ్మకు పక్షవాతం వచ్చిందట, చూసుకోవడానికి ఇంకెవరూ లేరట. చెబితే నేను అడ్డుపడతానని చెప్పలేదని కౌంటరులో (కోర్టుకు ఇచ్చిన జవాబులో) రాసింది. అడ్డుపడి ఉండేవాడినా అని నన్ను నేను అడిగి చూసుకున్నాను, లేదని ఖచ్చితంగా అనలేకపోయాను.

చిరునామా, బడి పేరు కోర్టుకు ఇచ్చింది. మధ్యంతరంగా రోజూ రాత్రి ఏడున్నరకు పది నిమిషాలు వీడియో కాల్, నెలకు ఒక శని, ఆదివారం నేను అక్కడికి వెళ్లి కలవడం, దసరా సెలవుల్లో పాప నా దగ్గర ఉండటం అని ఉత్తర్వు వచ్చింది. భరణం యథాతథం. ప్రయాణ ఖర్చు మాట తుది విచారణకు ఉంచారు. కస్టడీ మార్పు కోరిక మీద ప్రస్తుతానికి పట్టుబట్టడం లేదని మా వకీలు కోర్టుకు చెప్పారు, నేనే చెప్పమన్నాను.

మొదటి కాల్‌లో పది నిమిషాల్లో ఆరు నిమిషాలు పాప ఫోనును పైకప్పు వైపు పెట్టి తన పెన్సిల్ డబ్బా వెతికింది. ఊడిన ముందు పన్ను అందులో దాచిందట, చూపించాలట.

గట్టిమాట
ఆ ఆరు నిమిషాలు లెక్కలోకి రావని మీ వకీలుతో చెప్పండి, లేకపోతే అవతలివారు పది నిమిషాలు పూర్తయ్యాయంటారు.

నీలిగొడుగు
మా ఇంట్లో మొదటి నెలంతా పైకప్పే చూపించాడు మా వాడు. వాళ్ల నాన్నకు మా ఫ్యాను రెక్కల మీది దుమ్ము ఎంత ఉందో బాగా తెలుసు.

రెండో_ఆదివారం
ఒక చిన్న సందేహం. మెట్ల కింది సైకిలు ఇంటి యజమాని నాకు అప్పగించారు. వచ్చే నెల వెళ్లేటప్పుడు తీసుకెళ్లి అక్కడ ఇవ్వవచ్చా, దానికి కూడా కోర్టులో చెప్పాలా?

పాత_బెంచిగుమస్తా
సైకిలుకు ఐఏ అక్కరలేదు. పక్కచక్రాలు మాత్రం విప్పి సంచిలో వేసుకుని వెళ్లండి. ఏడేళ్ల పిల్ల అవి ఇంకా కావాలంటుందో లేదో అక్కడ అడిగి చూడండి.